పడమటి చదును

ఎడారి చూడడానికి వచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. చూడ్డానికి ఏముందని? ఇసుక ఉంది. మా ఊళ్ళో తినే గిన్నెలో ఇసుక, కప్పుకునే దుప్పట్లో ఇసుక, చెవుల్లో ఇసుక. పొద్దున లేచి దాన్ని ఊడ్చి పారబోయడానికే మా సగం బతుకు సరిపోతుంది. వీళ్ళు మాత్రం మూడు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చి, దాని మీద బోర్లా పడుకుని ఫొటోలు దిగి, "అబ్బ, మనసు ఖాళీ అయిపోయింది" అంటారు. ఖాళీ కావడానికి అందులో ముందు ఏముండేదో నాకైతే తెలియదు.

నా పేరు సువో ఫెంగ్‌లియన్. షాజింగ్‌లో ఇసుక కొండలకు వెళ్ళే దారి మొదట్లో నాకో నూడుల్స్ కొట్టుంది. పైన మూడు గదులున్నాయి, అద్దెకిస్తాను. జూన్ నెలలో ఒకరోజు పొద్దున్నే హాంగ్‌జౌ నుంచి షెన్ యీజో అనే కుర్ర మేనేజరు వచ్చి ఆ గదుల్లో ఒకదాంట్లో దిగాడు. వాళ్ళ కంపెనీ మా ఊరి అంచున అరవై గుడారాలు వేయబోతోంది. వాటికి గాజు కప్పు ఉంటుందట, లోపల పడుకుంటే నక్షత్రాలు కనబడతాయట. బయట పడుకుంటే కూడా కనబడతాయి కదా అని మాత్రం అడగకూడదు. ఆ గుడారాలు తూర్పు చదునులో వేయాలా, పడమటి చదునులో వేయాలా అన్నది తేల్చేది ఈ షెన్. మర్నాడు పొద్దున మనుషులొచ్చి జెండాలు పాతేస్తారు.

రెండూ ఊరిని ఆనుకున్న గులకరాళ్ళ నేలలే. పడమటి చదును అంచున ఏడు సమాధులున్నాయి. తూర్పు చదునులో ఒక్కటి కూడా లేదు, అదే శుభ్రమైన చోటు అని మా ఊరి ఆఫీసువాళ్ళు కాగితం రాసి పెట్టుకున్నారు.

ఆ శుభ్రమైన చోట నా కూతురుంది.

యాన్‌యాన్ తట్టు వచ్చి పోయింది. దానికి అప్పుడు నాలుగేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళయింది. పెళ్ళి కాకుండా పోయిన పిల్లలకి మా వైపు సమాధి కట్టరు. మట్టి దిబ్బ వేయరు, రాయి పాతరు, పేరు రాయరు. తల్లీ తండ్రీ వెంట పోకూడదు. తండ్రి తమ్ముడు తెల్లవారకముందే గుడ్డలో చుట్టి మోసుకుపోయి, ఎక్కడో గులకరాళ్ళ కింద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తాడు. ఆ చోటు తల్లికి చెప్పకూడదు. యాన్‌యాన్‌ని మోసుకుపోయింది నా మరిది యిన్ దెషెంగ్. నేను పదకొండు రోజులు మంచం దిగలేదు. పన్నెండో రోజు వాడు గుమ్మంలో నిలబడి, నేల చూస్తూ, "తూర్పు చదునులో వదినా, మోకాళ్ళ మీద కూర్చున్న ఒంటెలాగా ఒక నల్లరాయి ఉంటుంది చూడు, దాని పక్కన" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మాట పట్టుకుని నేను లేచి కూర్చున్నాను.

అప్పట్నుంచి ప్రతి వసంతంలోనూ ఎడారిలో వాటంతటవే మొలిచే ఇసుక ఉల్లికాడలు ఏరుకొస్తానని చెప్పి బుట్ట పట్టుకుని తూర్పు చదునుకి వెళ్తాను. ఒక పూట కూర్చుని వస్తాను. ఇసుక ఉల్లికాడల కూర తినాలంటే ఫెంగ్‌లియన్ కొట్టుకే వెళ్ళాలని ఊళ్ళో అంటారు. కాడలు ఏరడం కాక నాకు అక్కడ వేరే పనుందని వాళ్ళకేం తెలుసు?

ఆఫీసుకి వెళ్ళి చెబితే దెషెంగ్ నోరు జారిన సంగతి బయటపడుతుంది. పైగా దిబ్బ లేని సమాధి వాళ్ళ కాగితంలో పట్టదు. కాబట్టి ఈ షెన్ అనేవాడు సాయంత్రంలోగా తనంతట తానే తూర్పు చదునుని చూసి మొహం చిట్లించాలి. నాకున్నది ఒక్క రోజు.

వాడు మెట్లు దిగి వచ్చాడు. వంటి మీద నలిగిన నార చొక్కా. కొత్తదే, కానీ నలిగినట్టుగా కుట్టించుకున్నది. నెత్తిన మెడ దాకా తెర వేలాడే టోపీ. కొట్టులో నీడలో కూర్చుని కూడా తీయలేదు.

"ఆంటీ, ఇవాళ నాకు పనేం లేదు. మొదటి రోజు కదా, ఊరికే అలా తిరుగుతా. నేను ఊరి దగ్గరికి పోకూడదు, ఊరే నన్ను పిలవాలి."

"పిలుస్తుందిలెండి. ముందు తినండి."

గిన్నె ముందు పెట్టాను. చాప్‌స్టిక్స్‌తో ఒక మాంసం ముక్క ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇది గాడిద మాంసమేగా ఆంటీ? ఆ గాడిద బతికున్నప్పుడు సుఖంగానే ఉండేదా?"

"నాకన్నా సుఖంగా ఉండేది."

పకపకా నవ్వి ఆ మాట ఫోన్లో రాసుకున్నాడు. గాడిద సుఖం గురించి బెంగపడినవాడు గిన్నె అడుగు కనబడేదాకా తిన్నాడు, ఇంకో గిన్నె అడిగాడు. తిన్నాక, "మీరు నాతో వస్తారా ఆంటీ? నాకు గైడ్లు వద్దు. అసలు సిసలు మనిషి కావాలి" అన్నాడు. యాభై తొమ్మిదేళ్ళకి నేను అసలు సిసలు మనిషినని ఒకడు కనిపెట్టాడు. అడిగించుకోవాలనే పొద్దున్నుంచీ వాడి చుట్టూ తిరుగుతున్నాను కనక, కొట్టు వంటావిడకి అప్పజెప్పి బయల్దేరాను.

ముందు పాత వీధికి తీసుకెళ్ళమన్నాడు. మా పాత వీధికి ఏడేళ్ళు. సిమెంటు గోడలకి మట్టిరంగు పూసి, గడ్డి పరకలు అంటించి నా కళ్ళముందే కట్టారు. అసలు పాత వీధి ఇంకో చోట ఉండేది, అక్కడిప్పుడు బస్సులు ఆపుతారు. షెన్ ఒక గోడ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఈ గోడ ఎన్ని కాలాలు చూసిందో!"

"చాలా చూసింది. పోయినేడు లోపల పైపు పగిలితే పడగొట్టి మళ్ళీ కట్టారు."

"మీరు భలే వేళాకోళం చేస్తారు ఆంటీ" అని మళ్ళీ నవ్వాడు. ఉన్న నిజం చెబితే వేళాకోళం అనుకునేవాడితో ఏం మాట్లాడతాం?

వీధి మధ్యలో నలుగురు అమ్మాయిలు అద్దె బట్టలు కట్టుకుని ఆకాశకన్యల వేషంలో నిలబడ్డారు. భుజాల మీంచి రిబ్బన్లు, వీపు వెనక అట్టముక్కతో చేసిన వీణ. మా వైపు పాత బౌద్ధ గుహల గోడల మీది బొమ్మల్లో ఉన్నట్టు ఉండాలని చెప్పులు విప్పారు. సిమెంటు పెనంలా కాలుతుంటే ఒంటికాలి మీద గెంతుతున్నారు. ఫొటో తీసేవాడు, "ప్రశాంతంగా, ముఖం ప్రశాంతంగా!" అని అరుస్తున్నాడు. ఆ అమ్మాయిలకి ఏడుపొక్కటే తక్కువ. షెన్ వాళ్ళనీ ఫొటో తీశాడు.

ఎండు నేరేడు తొక్కల నీళ్ళు అమ్మే గౌ షూమెయ్ బండి దగ్గర ఆగాడు. మా ఊరి నేరేడంటే నల్లటి పండు కాదు, పసుప్పచ్చగా ఉండే ఆప్రికాట్. షూమెయ్ నాకు నలభై ఏళ్ళుగా తెలుసు, దాని నోటికి ఊరంతా దణ్ణం పెడుతుంది.

"తక్కువ చక్కెరతో ఒకటివ్వండి" అన్నాడు.

"చక్కెర పొద్దున్నే కలిపేశా నాయనా. తీసేయడానికి మంత్రం నాకు రాదు" అంది షూమెయ్. నా వైపు తిరిగి, "ఎక్కడ పట్టావే ఈ టోపీ బాతుని?" అని కూడా అంది. టోపీ బాతు ఆ మాట విన్నాడు. మెడ మీది తెర సర్దుకుని, నీళ్ళు గటగటా తాగి, చాలా బాగున్నాయన్నాడు. సిగ్గనేది బొత్తిగా లేని మనిషి అనుకున్నాను.

అలా పన్నెండయింది, ఒంటిగంటయింది. వాడు ప్రతి తలుపు దగ్గరా ఆగాడు, ప్రతి తాళాన్నీ తడిమాడు. బస్సు తిరిగే మలుపులో కూర్చుని ఒక పిల్లిని అరగంట చూశాడు. పిల్లి కూడా విసిగిపోయి వెళ్ళిపోయింది. నేను తొందరపెట్టలేదు. మా ఊళ్ళో మధ్యాహ్నం రెండు దాటాక గాలి తిరుగుతుంది. ఒంటెల దొడ్డి మీదుగా తూర్పు చదునుకి కొడుతుంది. ఆ వేళకి వీణ్ణి అక్కడ నిలబెట్టాలి. అంతవరకూ పిల్లినే కాదు, దోమని చూస్తానన్నా ఓపిక పట్టడానికి సిద్ధంగా ఉన్నాను.

రెండున్నరకి తూర్పు చదునులో ఉన్నాం. వాడు చేతులు బార్లా చాపి నిలబడ్డాడు.

"ఆంటీ, ఇక్కడ ఏమీ లేదు! ఏమీ అంటే ఏమీ లేదు!"

"లేదు" అన్నాను.

నడుస్తూ నడుస్తూ తిన్నగా నల్లరాయి దగ్గరికే పోయాడు. అంత చదునులో వీడికి ఇంకో రాయి దొరకలేదు. దాని మీద చతికిలబడి, బూటు విప్పి, అందులోని ఇసుక బోర్లించాడు. సరిగ్గా నేను కూర్చునే చోట. నా చేతిలో అట్లకాడ లేకపోవడం వాడి అదృష్టం.

"ఆ రాయి మీద కూర్చోకండి."

"ఎందుకాంటీ?"

"కింద తేళ్ళుంటాయి."

బూటు చేత్తో పట్టుకుని ఒంటికాలి మీద పది గజాలు గెంతాడు. అప్పుడే గాలి తిరిగింది. వాడు గెంతడం ఆపి ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటి ఆ వాసన?"

"నూట నలభై ఒంటెలు. దొడ్డి అదిగో, ఆ గుట్ట వెనకే. పొద్దున ఉండదు. మధ్యాహ్నం మొదలై పొద్దుగూకేదాకా ఉంటుంది. వాన పడ్డ రోజైతే పడుకునేదాకా ఉంటుంది. మేమైతే అలవాటుపడ్డాం. మీ గాజు గుడారాల్లో తలుపులు మూస్తే ఉడుకుతుంది, తెరిస్తే ఇదీ."

వాడు ఫోను తీసి నా వైపు పట్టాడు. "మళ్ళీ చెప్పండి ఆంటీ. వీడియో తీస్తున్నా. మీరు చెబుతుంటే హాంగ్‌జౌలో కూర్చున్నవాళ్ళకి కూడా వాసన వస్తుంది."

మళ్ళీ చెప్పాను, ఇంకొంచెం కలిపి. తూర్పు గాలి వచ్చిందంటే గులకరాళ్ళు లేచి కొడతాయని, ఆ గాజు కప్పులు ఒక్క ఏడాది కూడా నిలవవని చెప్పాను. అందులో సగం నిజం. మిగతా సగం కూడా నిజమే అయ్యుండాలని నేనే అప్పటికప్పుడు నమ్మేశాను.

"కానీ సూర్యోదయం ఇటే కదా ఆంటీ? మా పెద్దాయనకి సూర్యోదయమంటే పిచ్చి."

"మీ అతిథులు ఎన్నింటికి లేస్తారు?"

ఆలోచించాడు. "తొమ్మిదికి. సెలవుల్లో అయితే పదికి."

"మా సూర్యుడు ఆరింటికే వస్తాడు. టికెట్టు కొన్నవాళ్ళు లేవలేదని గుమ్మంలో నిలబడడు."

ఆ మాటతో మనిషి పడిపోయాడు. కడుపు పట్టుకుని నవ్వుతూ, అది కూడా వీడియోలో వచ్చిందా లేదా అని చూసుకున్నాడు. నేను నల్లరాయి వైపు చూడకుండా వాణ్ణి వెంటబెట్టుకుని పడమటికి నడిచాను.

పడమటి చదును సాయంత్రం బాగుంటుంది, అది నేనూ ఒప్పుకుంటాను. ఇసుక కొండల వీపు ఒకే గీతలా ఉంటుంది, ఎండ తగ్గేకొద్దీ దాని ఒక వైపు బంగారంలా, ఇంకో వైపు నీలంగా అవుతుంది. మాకు జూన్‌లో తొమ్మిదింటికి గానీ పొద్దు గూకదు. తాపీగా భోంచేసి వచ్చినా సూర్యుడు దొరుకుతాడు. అన్నీ వాడికి వినబడేలా చెప్పాను. అంచున ఉన్న ఏడు దిబ్బలు చూసి వాడు గొంతు తగ్గించాడు.

"వాళ్ళు..."

"వాళ్ళు గొడవ చేసే మనుషులు కారు. ఆ నాలుగోది మా ఆయన."

వాడు టోపీ తీశాడు. పొద్దున్నుంచీ అదే మొదటిసారి తీయడం. కింద జుట్టు పలచగా, చెమటకి అతుక్కుని ఉంది. "మీకు అభ్యంతరం లేదా ఆంటీ? ఇక్కడ గుడారాలొస్తే?"

"ఆయనకి దిబ్బుంది. పేరు రాసిన రాయుంది. మీరు కదిలించమన్నా ఎవడూ కదిలించడు."

ఆ ఏడింటినీ వదిలి, రెండు వందల గజాల అవతల నుంచి మొదలుపెడతామన్నాడు. అక్కడే నిలబడి హాంగ్‌జౌకి ఫోన్ చేశాడు. వీడియోలన్నీ పంపాడు. పావుగంటలో అటునుంచి జవాబొచ్చింది. "పడమటి చదునే ఆంటీ. ఖాయమైపోయింది. రేపు పొద్దున జెండాలు ఇక్కడ."

నాకు గంతులేయాలనిపించింది. ఎంత తేలిగ్గా పడ్డాడు! చదువుకున్నాడు, జీతగాళ్ళున్నారు, ఫోన్లో దేశమంతా ఉంది. నూడుల్స్ వండే దాని చేతిలో గొర్రెపిల్లలా తలూపుకుంటూ వచ్చాడు. ఇలాంటివాళ్ళా మన ఊరి బాగోగులు తేల్చేది అని జాలిపడ్డాను కూడా. గెలిచినవాళ్ళకి జాలి తొందరగా వస్తుంది.

వెనక్కి వస్తూ ఒంటె ఎక్కుతానన్నాడు. సరే, ఎక్కించి పంపితే నా పని పూర్తి అనుకుని దొడ్డికి తీసుకెళ్ళాను. దెషెంగ్ అక్కడే ఉన్నాడు. యాభై ఏడేళ్ళ మనిషి, చిన్నప్పట్నుంచీ ఒంటెలతోనే బతుకు. ఒక ఒంటె మూతి కింద కూర్చుని తాడు ముడి వేస్తున్నాడు. మా ఆయన పోయాక కొట్టుకి నీళ్ళ దగ్గర్నుంచి బొగ్గుల దాకా మోసిపెట్టేది వాడే. ఎప్పుడూ నా మొహంలోకి సరిగ్గా చూడడు. అది మర్యాద అనుకునేదాన్ని.

"అంకుల్, మీ వదినగారు ఒక్క రోజులో నా పని చేసిపెట్టారు. గుడారాలు పడమటి చదునులో వేసేస్తున్నాం" అన్నాడు షెన్, మోకాళ్ళ దాకా నారింజరంగు ఇసుక తొడుగులు తొడుక్కుంటూ.

దెషెంగ్ చేతులు ఆగిపోయాయి. ఇంకొకతను షెన్‌ని ఒంటె ఎక్కించాడు. ఒంటె వెనకకాళ్ళు లేపగానే వాడు కెవ్వుమని, మరుక్షణం దాని మెడ నిమురుతూ క్షమించమన్నాడు. ఆ ఒంటెల వరుస కొండ మలుపు తిరిగేదాకా దెషెంగ్ లేచి నిలబడే ఉన్నాడు.

"ఏం చేశావు వదినా?"

"ఏం చెయ్యాలో అదే చేశా. తూర్పు చదునుకి ఇంకెవడూ పోడు. అట్లా చూస్తావేం? నీ పేరెక్కడా రానివ్వలేదులే."

"తూర్పు చదునులో ఏం లేదు."

"ఏంటి?"

"అక్కడేం లేదు వదినా. ఎప్పుడూ లేదు. పాపని నేను పడమటి చదునులో పెట్టాను."

నాకు కోపం రాలేదు ముందు. వీడు ఎండలో కూర్చుని కూర్చుని పిచ్చెక్కి మాట్లాడుతున్నాడనుకున్నాను.

"నువ్వే చెప్పావుగదరా. నల్లరాయి పక్కన అని నువ్వేగా చెప్పింది!"

"అన్నయ్య చెప్పమన్నాడు. 'ఏదో ఒక చోటు చెప్పరా, లేకపోతే ఇది కూడా పోయేలా ఉంది' అని ఏడ్చాడు. తల్లికి అసలు చోటు చెప్పకూడదు కదా. తల్లి అక్కడికొచ్చి ఏడిస్తే పిల్ల కదల్లేదంటారు, మళ్ళీ పుట్టదంటారు. అందుకని అటు వైపున్నది చెప్పా. ఒకసారో రెండుసార్లో పోయి మానేస్తావనుకున్నాం."

"ముప్పై ఒక్క ఏళ్ళు పోయాన్రా!"

"చూస్తూనే ఉన్నాగా. బుట్ట పట్టుకుని పోతుంటే దొడ్డిలోంచి కనబడేదానివి. ఏమని చెప్పను? చెబితే నీకు ఆ రాయి కూడా లేకుండా పోతుంది."

నా మొగుడు ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు నా పక్కన పడుకున్నాడు. నేను కాడలు ఏరుకొచ్చిన ప్రతిసారీ ఈ ఏడు లేతగా ఉన్నాయే అంటూ రెండు గిన్నెలు తిన్నాడు. దగ్గరుంటే ఆయన దిబ్బని కాలితో తన్నేదాన్ని. మర్యాద అనుకున్న మరిది చూపు తప్పించడం ఎందుకో కూడా అప్పుడు అర్థమైంది.

"సరే, పడమటి చదునులో ఎక్కడ? అంచునా, మధ్యలోనా?"

"తెలీదు."

"చంపుతాను దెషెంగ్. ఎక్కడ?"

"నిజంగా తెలీదు వదినా. చీకటి. గాలిదుమారం. గుర్తు పెట్టకూడదు, వెనక్కి చూడకూడదు. చూళ్ళేదు. చేతులు పీకేదాకా నడిచా. అక్కడ పెట్టా."

ఒంటెలు నెమరువేస్తున్నాయి. దొడ్డి గోడ నీడ మా కాళ్ళ దాకా పాకాక నేనే వాడి రెక్క పట్టుకుని లాగాను. "నడు. ఆ షెన్ గాడితో మాట్లాడాలి."

మేం కొట్టుకి వచ్చేసరికి వాడు మాకన్నా ముందే ఒంటె దిగి వచ్చి గుమ్మం దగ్గర బల్ల మీద కర్బూజా కోసుకు తింటున్నాడు. గడ్డం నిండా రసం. ఎనిమిదైనా ఎండ ఇంకా బల్ల మీదే ఉంది. పక్కన రెండు చదునుల పటం పరిచి ఉంది.

"షెన్ బాబూ, తూర్పు చదునులోనే వేసుకోండి" అన్నాను. పొద్దున్నుంచీ వాణ్ణి బాబూ అని పిలవలేదు.

నవ్వాడు. నా మొహం చూసి మానేశాడు. "ఇప్పుడెలా ఆంటీ? మీ వీడియోలు మా పెద్దాయన మూడుసార్లు వేయించుకుని చూశాడట. ఆ ఒంటెల వాసన, ఆ గులకరాళ్ళు, ఆ సూర్యుడు టికెట్టు మాట... మీటింగులో అందరికీ చూపించాడు. స్థానికులే వద్దంటున్నారని కాగితం మీద మీ పేరుతో సహా ఎక్కింది. తూర్పు బాగుందని ఇప్పుడు నేనంటే ఎవరు నమ్ముతారు?"

నా మాటలే. ఒక్కటి కూడా వాడు కల్పించలేదు.

అప్పుడు చెప్పాను. యాన్‌యాన్ అనే పేరు బయటి మనిషి ముందు అనడం అదే మొదలు. మధ్యలో దెషెంగ్ గోడ వైపు తిరిగాడు. షెన్ కత్తి పక్కన పెట్టాడు, వేళ్ళు తుడుచుకున్నాడు, గడ్డం తుడుచుకున్నాడు. ఒక్క మాట అడ్డం వేయలేదు. వాడు ఏదో ఒకటి అనాలని నేను ఎదురుచూశాను. ఆచారాలంటూ ఒక ముక్క, అయ్యో పాపమంటూ ఒక ముక్క, ఫోన్లో రాసుకునే ముక్క ఏదైనా. ఫోను బోర్లించి ఉంది.

పటం మీద పడ్డ కర్బూజా గింజ తీసేసి, దాన్ని నా వైపు తిప్పాడు.

"అరవై గుడారాలకి అంత నేల అక్కర్లేదు ఆంటీ. మీరు చోటు చూపించండి. చుట్టూ పది మీటర్లు వదిలేయిస్తా, పదిహేనైనా సరే. ఎందుకో ఎవరికీ చెప్పను. ఇదిగో, ఇక్కడ ఒక్క చుక్క పెట్టండి, చాలు."

పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు.

నేను దెషెంగ్ వీపు వైపు చూశాను. ఆ వీపు కదల్లేదు. పటం మీద పడమటి చదును అరచేయంత ఉంది, పసుప్పచ్చగా, ఖాళీగా. పెన్ను దాని మీద ఆనించాను, తీశాను. ఇంకో చోట ఆనించాను, తీశాను. చివరికి అంచున మొదలుపెట్టి, దక్షిణంగా దిగి, కొండల కిందుగా పోయి, పైకి వచ్చి, మొత్తం చదును చుట్టూ గీత గీసి పెన్ను బల్ల మీద పెట్టేశాను.

వాడు ఆ గీతని చాలాసేపు చూశాడు. నాలుగేళ్ళ పిల్లకి ఇంత నేలా అని అడగలేదు. అడిగినా బాగుండేది. "అంతా వదిలించడం నా వల్ల కాదు ఆంటీ" అని మాత్రం మెల్లగా, తప్పు తనదే అయినట్టుగా అన్నాడు. పొద్దున్నుంచీ వాణ్ణి తిట్టుకుంటూ తిరిగాను. ఇప్పుడు నోటి నిండా తిట్లున్నాయి, తిట్టడానికి నేను తప్ప ఎవరూ మిగల్లేదు.